గుర్రం మీద బరువు

ఆసిఫాబాద్,
1982 ఏప్రిల్ 11

చదువుతున్న మీకు,

ఆ గీత గీసింది మీరే. వరంగల్ కాశిబుగ్గలో ఒక చేనేత సంఘం ఉంది. దాని సభ్యుల పుస్తకంలో ఒక ఆడపిల్ల పేరు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత ఉంది. ఆ సంఘం గడప మీరు తొక్కి ఉండరు. ఆ పిల్లను చూసి ఉండరు. అయినా గీసింది మీరే. బస్సులో ఎవరో కాలీడ్చుకుంటూ ఎక్కితే 'పాపం' అన్నారు, ఆ ఒక్క మాటతో మీ వంతు అయిపోయిందనుకొని కిటికీ వైపు తిరిగారు. అలా తిరిగిన ప్రతిసారీ ఆ సిరాబుడ్డిలో ఒక చుక్క పోశారు. కాదనండి, చూద్దాం.

నన్ను నేను తప్పించుకోవడం లేదు. ఆ సిరాబుడ్డి మూత తీసి పట్టుకున్నవాణ్ణి నేనే. నేను ఇంగ్లీషు చెప్పే పంతులును. కరపత్రాలు రాస్తాను. నలభై ఏడేళ్లు వచ్చినా ఎవరితోనో ఒకరితో తగవు పడకుండా నాకు పొద్దు గడవదు. సమ్మె చేసినందుకు హనుమకొండ నుంచి ఇక్కడికి తోలారు. ఆ పిల్ల సమ్మమ్మ మా అన్న గట్టయ్య కూతురు. అన్న చనిపోయి మూడేళ్లయింది. ఆమెకు ఇరవై నాలుగు నడుస్తున్నాయి.

కింద ఉన్నవి మేమిద్దరం రాసుకున్న ఉత్తరాలు. చివరిది సంఘానికి ఆమె ఇచ్చిన కాగితానికి నకలు. అచ్చు వేసుకొమ్మని ఆమే అంది. షరతు పెట్టింది: "ఒక్క మాట కలపొద్దు, ఒక్క మాట తియ్యొద్దు కాకా. నీకు సిగ్గయ్యే మాటలైతే అసలే తియ్యొద్దు." అందుకే నా కోపమంతా ఈ ఒక్క ఉత్తరంలో కుమ్మరించి పక్కకు జరుగుతున్నాను.

సంఘం సమావేశం ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. ఇవాళ్టికీ ఆ గీత అక్కడే ఉంది.

పాండురంగం

*

కాశిబుగ్గ,
1981 జూలై 6

కాకకు సమ్మమ్మ నమస్కారం.

నాలుగు ఉత్తరాల్లో నాలుగుసార్లు తిట్టావు. నీ పోరు పడలేక పెద్ద దవాఖానకు పోయి కాగితం తెచ్చుకున్నాను. మూడు దినాలు తిరిగాను. మొదటి దినం డాక్టరు లేడు. రెండో దినం డాక్టరున్నాడు, ముద్ర లేదు. మూడో దినం రెండూ దొరికాయి. డాక్టరు నా రెండు కాళ్లకూ టేపు పెట్టి కొలిచాడు, నేను టవల్ కొలిచినట్టే. "నడువ్" అన్నాడు. నడిచాను. "చాలు" అన్నాడు. అరవై శాతం అని రాశాడు.

ముద్ర కొట్టే కాంపౌండరు, "పెండ్లయిందా బిడ్డా?" అని అడిగాడు.

"ఎందుకన్నా, ఆ కాగితం గూడ ఈడనే ఇస్తరా?" అన్నాను. గబగబా ముద్ర కొట్టిచ్చాడు.

కాగితం నెత్తి మీద పెద్ద అక్షరాలతో 'హ్యాండీక్యాప్డ్' అని ఉంది. కాంపౌండరును అడిగితే 'అవిటి' అన్నాడు. అవిటికి ఇంత పొడుగు మాటెందుకు? నువ్వు ఇంగ్లీషు సారువు కదా, అది ఎక్కడ పుట్టిందో, దాని అసలు అర్థమేమిటో రాయి. అమ్మ మాత్రం ఆ కాగితానికి పసుపుబొట్టు పెట్టి దేవుని గూట్లో దాచింది. ముద్ర ఉంది కాబట్టి మంచిదే అయ్యుంటుందని ఆమె నమ్మకం.

మగ్గం సంగతి అడిగావు. బాపు పెట్టిపోయిన గిలక ఇంకా నడుస్తున్నది. తాడు మాత్రం కొత్తది కట్టాను. మగ్గం గుంటలో కుడిచెక్కను కుడికాలుతో తొక్కుతాను. ఎడమకాలు తొక్కలేని ఎడమచెక్కకు కట్టిన తాడు గుంటలోని గిలక కింది నుంచి నా నడుముకు వస్తుంది. వెనక్కి వాలితే చెక్క దిగుతుంది. ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి. చూసేవాళ్లకు నేను దయ్యం పట్టి ఊగుతున్నట్టు కనిపిస్తానట. దయ్యమైతేనేం, టవళ్లు దిగుతున్నాయి. బాపు పోయినంక ఆయన జాగాలో సంఘంలో నా పేరు ఎక్కించారు కదా, నెలనెలా నూలు తెచ్చుకుంటున్నాను, నేసినవి ఇచ్చి వస్తున్నాను.

ఇది వికలాంగుల సంవత్సరమట. వచ్చే నెల బడి మైదానంలో సభ పెట్టి, చేతితో తిప్పుకునే మూడు చక్రాల బండ్లు ఇస్తారట. సంఘం ప్రెసిడెంటు లక్ష్మీనారాయణ సేటు సిఫారసు రాశాడు. దవాఖాన కాగితం నకలు ఒకటి ఆయన దగ్గర ఉంచుకున్నాడు.

ఆ మాటకు అర్థం రాయడం మరువకు.

సమ్మమ్మ

*

ఆసిఫాబాద్,
1981 జూలై 19

బిడ్డా సమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి అన్నం ముందర నుంచి లేచిపోయాను. ఆ మాట నీ కాగితం మీద ఉందా? అయితే విను.

ఇంగ్లండులో ఒకప్పుడు ఒక రాజు. యుద్ధాలు చేయించాడు. కాళ్లూ చేతులూ పోగొట్టుకొని సిపాయిలు తిరిగొచ్చారు. వాళ్లకు కూడు పెట్టాల్సి వస్తుందని ఆ రాజు ఏం చేశాడు? టోపీ చేతిలో పట్టుకొని బజార్లో అడుక్కోవచ్చని హుకుం ఇచ్చాడు. చెయ్యి అంటే హ్యాండ్. టోపీ అంటే క్యాప్. ఆ రెండూ కలిస్తే నీ కాగితం మీది మాట. నిన్ను కొలిచి, నడిపించి, ముద్ర కొట్టి, చివరికి వాళ్లు రాసిచ్చింది 'బిచ్చగత్తె' అని!

ఆ బండి ముట్టవద్దు. సభకు పో, వేదిక ఎక్కు, మైకు అందుకో, ఈ కథ చెప్పు, 'నాకొద్దు' అని దిగిపో. ఒక్క గొంతు లేస్తే వంద గొంతులు లేస్తాయి. 'టోపీ పట్టం' అని కరపత్రం రాశాను, కాగజ్‌నగర్‌లో అచ్చుకు ఇచ్చాను. ఐదు వందలు పంపుతున్నాను, పంచు. మీ బాపు ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. నువ్వూ చాపవు.

కాక
పాండురంగం

*

కాశిబుగ్గ,
1981 సెప్టెంబరు 3

కాకకు,

నువ్వు చెప్పినట్టే చేశాను.

ఎనిమిది బండ్లు వరుసగా పెట్టారు, హాండిళ్లకు రిబ్బన్లు కట్టారు. ఐదో పేరు నాది. మెట్లు ఎక్కుతుంటే లక్ష్మీనారాయణ సేటు చెయ్యి అందించాడు. నేను మైకు అందుకున్నాను. రాజు, టోపీ, సిపాయిలు, అన్నీ చెప్పాను. "మేము టోపీ పట్టం. ఈ బండి నాకొద్దు" అన్నాను. వంద గొంతులు లేవలేదు కాకా. ఒక్కటే లేచింది, వెనక నుంచి: "టోపీ ఏదక్కా? కనవడ్తలేదు!" మైదానమంతా నవ్వింది. ఆఫీసరు సేటు చెవిలో ఏదో అన్నాడు. సేటు మొహం నల్లబడింది. ఏడు బండ్లు ఇచ్చారు. నాది మళ్లీ లారీలో ఎక్కించారు.

తెల్లారి నూలు కోసం సంఘానికి పోయాను.

"ఏందమ్మా, సర్కారు బండే వద్దన్నవ్, సంఘం నూలెందుకు?" అన్నాడు సేటు.

"నూలు దానం గాదు సేటూ. నేస్త, నేసి ఇస్త."

"నేస్తనంటున్నవ్. డాక్టరేమో అరవై పాళ్లు లేదని రాసిచ్చిండు. సంఘం బైలాల ఏముంది? సొంతంగ మగ్గం నేసేటోళ్లే సభ్యులు. మైకుల మంచిగ చదువుతవ్ గద, గిది గూడ సదువు."

నాతోనే చదివించాడు కాకా. పైకి, అందరూ వినేటట్టు. నేను చదివినంక ఎర్రసిరా పెన్ను తెరిచాడు.

నూలు లేకుండానే ఇంటికి వచ్చాను.

సమ్మమ్మ

*

ఆసిఫాబాద్,
1981 సెప్టెంబరు 12

బిడ్డా,

వాడికెంత పొగరు! నూలు గోదాము తాళంచెవి చేతిలో ఉన్నంత మాత్రాన మనుషుల పేర్లు కొట్టేస్తాడా? 'నీచుడా, చరిత్ర నిన్ను క్షమించదు' అని వాడికి టెలిగ్రాం కొట్టాను. మంత్రికి రాశాను. మూడు పత్రికలకు రాశాను. చేనేత శాఖకు రాశాను. సెలవు అడిగితే హెడ్‌మాస్టరు ఇవ్వనన్నాడు, వాడితోనూ తగవు పడ్డాను. నీ కేసును రాష్ట్రం మొత్తం మాట్లాడుకునేటట్టు చేస్తాను. ఇది నీ ఒక్కదాని విషయం కాదు. దీన్ని మనం సిద్ధాంతంగా చూడాలి. చప్పట్లు కొట్టించుకోవడానికి పెట్టిన సభలో ఒక పేద నేతపిల్ల ఎదురు తిరిగింది, అదీ అసలు సంగతి. అధైర్యపడకు. కరపత్రాలు ఇంకా మిగిలాయా?

కాక

*

కాశిబుగ్గ,
1981 నవంబరు 2

కాకకు,

రెండు నెలలు ఎందుకు రాయలేదో చెప్తాను, విను. మధ్యలో లేచిపోకు.

నీ టెలిగ్రాం సంఘంలో అందరి ముందర చదివారు. 'చరిత్ర' అన్న మాట రాగానే పక్కింటి మొండయ్య బావ లేచి నిలబడి సలాం కొట్టాడట. ఇప్పుడు నేను కనిపిస్తే చాలు, "చరిత్ర వచ్చింది, తొవ్వ ఇయ్యిండ్లి" అంటున్నారు. ఇక వాళ్లకు ఏమీ రాయకు.

నూలు లేక నా మగ్గం గుంటలో కోడి గుడ్లు పెట్టింది. నేను మొండయ్య బావ ఇంట్లో కండెలు చుడుతున్నాను. ఆయన నేస్తే నేను చుట్టాలి. నాలుగేళ్లు నేసినదాన్ని, ఇప్పుడు పక్కింటి మగ్గం చప్పుడు వింటూ కూచోవాలి. రెండు చేతులకూ పని ఉంటుంది, నడుముకు ఉండదు. ఇంటికొచ్చి పడుకుంటే నడుము దానంతటదే ఊగుతుంది.

ఇంకొకటి. రైలు గేటు దగ్గర పోశయ్య తెలుసు కదా, చంకకర్ర పెట్టుకొని అడుక్కుంటాడు. అతనికి కూడా నీ కరపత్రం ఇచ్చాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. అంతా విని నిమ్మళంగా అన్నాడు: "అంటే బిడ్డా, నువ్వు నా లెక్క గావద్దని మీ కాక గిన్ని కాగితాలు అచ్చేసిండా?"

నీకు జవాబు తెలిస్తే రాయి. మిగిలిన కరపత్రాలు పొయ్యిలో పెట్టాను.

అసలు మాట ఇప్పుడు చెప్తున్నాను. కాకా, నాకు బండి కావాలె. అప్పుడూ కావాలనే ఉండె. బండి ఉంటే సంఘానికి నేనే పోయి రావచ్చు, నూలు మూట ఒళ్లో పెట్టుకొని తెచ్చుకోవచ్చు. ఇప్పుడు అమ్మ నెత్తి మీద మోస్తున్నది. అమ్మకు అరవై దాటాయి. సభకు ముందటి దినం మైదానానికి పోయి, ఎవరూ లేనప్పుడు ఐదో బండిలో కూచొని చూసుకున్నాను. చక్రం తిప్పితే ఎంత తేలికగా కదిలిందో! తెల్లారి నీ కోసం వద్దన్నాను. నువ్వు అడగలేదు. 'ముట్టవద్దు' అన్నావు.

చిన్నప్పుడు మమ్మల్ని కూచోబెట్టి చదివించేవాడివి. ఏదైనా గొప్పగా చెప్తే చెవి మెలిపెట్టి, "ఏ పుస్తకం? ఏ పేజీ?" అనేవాడివి. ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఆ రాజు, ఆ టోపీ, ఏ పుస్తకం? ఏ పేజీ?

సమ్మమ్మ

*

ఆసిఫాబాద్,
1981 డిసెంబరు 14

బిడ్డా,

ఏ పుస్తకమూ లేదు.

యూనియన్ మహాసభలో భోజనాల వరుసలో పక్కన కూచున్న ఒక సారు చెప్పాడు. వినగానే ఒళ్లు మండింది. ఒళ్లు మండిందంటే నిజమే అయ్యుంటుందనుకున్నాను. నా జన్మంతా ఇట్లాగే గడిచింది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నీ ఉత్తరం అందినాక నాలుగు రోజులు నిన్ను మనసులోనే తిట్టుకున్నాను. ఐదో రోజు రైలెక్కి హైదరాబాదు పోయాను. సెలవు లేదు, జీతం కోస్తారు, కోయనీ. పెద్ద లైబ్రరీలో రెండు దినాలు కూచున్నాను. మోయడానికి ఇద్దరు కావాల్సిన నిఘంటువు తీయించాను. రాజు లేడు. సిపాయిలు లేరు. అడుక్కోవడం లేదు.

ఉన్నది ఇది. మూడు వందల ఏండ్ల కింద ఇంగ్లండులో ఒక ఆట. ఇద్దరు సరుకులు మార్చుకుంటారు. నా కోటు నీకు, నీ గొడుగు నాకు. రెండూ సమానం కావు కదా, తక్కువ సరుకువాడు పైన ఎంత ఇవ్వాలో మధ్యవర్తి చెప్తాడు. ముగ్గురూ పందెం పైకం ఒక టోపీలో వేస్తారు. తర్వాత ఇద్దరూ టోపీలో చెయ్యి పెట్టి తీస్తారు. బేరం ఒప్పుకున్నారో లేదో ఆ చేతిలో పైకం ఉందా లేదా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. టోపీలో చెయ్యి. అక్కడ పుట్టింది మాట. తర్వాత గుర్రప్పందాలకు పోయింది. ఇక్కడ జాగ్రత్తగా చదువు. గుర్రాలన్నీ ఒక్క తీరుగా ఉరకవు. పందెం సమంగా ఉండాలంటే ఏం చేస్తారు? బాగా ఉరికే గుర్రం మీద సీసపు బిళ్లల బరువు పెడతారు. ఆ బరువు పేరే హ్యాండీక్యాప్. సమ్మమ్మా, బరువు బలమైనదాని మీద! బలహీనమైనదాని మీద కాదు. ఆ మాట మనుషులకు అంటుకునేసరికి తలకిందులైంది. ఎట్లయిందో నిఘంటువు చెప్పదు, కాని మనకు తెలుసు. బరువు ఎవరి మీద వేయాలో నిర్ణయించేవాళ్లే గుర్రాలైనప్పుడు ఇంకేమవుతుంది?

చూశావా, మళ్లీ ఉపన్యాసం మొదలుపెట్టాను.

పోశయ్యను అడ్డం పెట్టి నిన్ను బెదిరించాను. అతనన్నది నిజం. బండి సంగతి చదివి చాలాసేపు అటూ ఇటూ తిరిగాను. ఐదో బండిలో నువ్వు కూచున్నావన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. కాగితం తెచ్చుకొమ్మని పోరింది నేను, బండి వద్దనమన్నది నేను, టెలిగ్రాం కొట్టింది నేను. సేటు చేసిందల్లా పెన్ను తెరవడం.

ఇప్పుడేం చేయాలో నాకు తెలియదు. నీకేం కావాలో అడుగుతున్నాను. ఆలస్యంగానే, అయినా అడుగుతున్నాను.

పాండురంగం

*

కాశిబుగ్గ,
1982 జనవరి 18

కాకకు సమ్మమ్మ నమస్కారం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి గుర్రాల కోసం, మూడోసారి నవ్వుకుంటూ.

నిన్న సంఘం మీటింగు. పేరు లేనిదాన్ని కాబట్టి గడప బయట కూచున్నాను. మాటలు అయిపోయి చాయ్ వచ్చినప్పుడు లోపలికి కేకేశాను:

"మొండయ్య బావా, గుర్రానివి నువ్వే!"

"ఏందే చరిత్రా, పొద్దుగాల్నే ఏం తాగినవ్?"

"ఇంగ్లీషోళ్ల పందెంల మంచిగ ఉరికే గుర్రానికి బరువు కడతరట. కుంటిదానికి గాదు. నా కాగితం మీదున్న మాట గదే. మా కాక ఈసారి పుస్తకం జూసి రాసిండు. ఈ వాడల అందరికంటె జోరుగ నేసేది ఎవరు?"

"నేనే. అండ్ల అడిగేదేముంది?"

"అయితే నీకే కట్టాలె. ఎడమకాలు మడిచి కట్టుకో. ఒక్క కాలుతోని నెయ్యి. నేను గూడ నేస్త. ఎవరిది ఎంత దిగితే అంత."

"ఒక్క కాలేంది, కండ్లు మూసుకోని నేస్త!"

"కండ్లు తెరుసుకోనే నెయ్యి బావా, కాలు సాలు."

సంఘం షెడ్డులో చూపించడానికి పెట్టిన మగ్గం ఉంది కదా, దాని చుట్టూ మూగారు. ముసలి రాజక్క టవల్‌తో ఆయన కాలు కట్టింది. "బిగ్గట్టు రాజక్కా, ఇడుపుకునేటట్టున్నడు" అని ఒకరు. "ఇట్ల ఆయన పెండ్లామన్న కట్టలేదు" అని ఇంకొకరు. బావ గుంటలో కాలు దించాడు. ఒక్క కాలుతో రెండు చెక్కలు తొక్కాలి. ఈ చెక్క నుంచి ఆ చెక్కకు కాలు తెచ్చేలోపల అటూ ఇటూ ఉరికే నాడె పడుగు పోగుల్లో ఇరుక్కుంది. గుంజాడు. పోగులు తెగాయి. అతికాడు. మళ్లీ తెగాయి. చెమటలు పట్టాయి. అరగంటకు నాలుగు వేళ్ల మందం దిగింది, అదీ వంకరగా.

"బావా, ఇది న్యాయం గాదు" అన్నాను. "నాకు గిలకుంది, నీకు లేదు. నా తాడు నడుముకు కట్టుకో."

గిలక, తాడు నా సంచిలోనే తెచ్చాను. బిగించి ఇచ్చాను. బావ కట్టుకొని వెనక్కి వాలాడు. బాపు ఆ వాలడం నాకు ఒక్క దినంలో నేర్పలేదు, ఆరు నెలలు పట్టింది. బావ వాలడం వాలడమే, పీట మీది నుంచి వెల్లకిలా పడ్డాడు. కాళ్లు పైన, ఒక కాలుకు టవల్! షెడ్డు షెడ్డంతా నవ్వింది.

"సమ్మీ, మీ బావకు దవాఖాన కాగితం ఇప్పియ్యరాదె!" అన్నది రాజక్క.

"ఎన్ని పాళ్లు ఏస్తరో అడుగు!"

తర్వాత నేను కూచున్నాను. నాలుగున్నర నెలల తర్వాత నడుముకు తాడు కట్టుకున్నాను కాకా. మొదటి పది పోగులు తడబడ్డాను. ఆ తర్వాత నాకు ఎవరూ కనిపించలేదు. నవ్వులు ఎప్పుడు ఆగాయో తెలియదు. అరగంట అయిందని ఎవరో అన్నప్పుడు మూరెడు దిగి ఉంది. మొండయ్య బావ కాలు విప్పుకొని వచ్చి, అంచు మీద వేలు పెట్టి చివరిదాకా జరిపాడు. "అంచు సక్కగుంది" అన్నాడు. ఆ మనిషి నోట ఆ మాట ఇంతవరకు ఎవరి గురించీ రాలేదు.

సేటు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మంచిగ నవ్వుకున్నం. ఆట ఆటే, కాగితం కాగితమే. డాక్టరు అరవై పాళ్లు లేదన్నడు."

"కాలు లేదన్నడు సేటూ. పని లేదనలే."

"మేడారం జాతర అయినంక మీటింగుల జూద్దాం."

నా పేరు ఇప్పుడే రాయాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. మొండయ్య బావ ఎత్తాడు, రాజక్క ఎత్తింది. మిగతావాళ్లు చెప్పుల కోసం వెతుక్కున్నారు. నీ ఆటలో మధ్యవర్తి ఉన్నాడన్నావు. ఇక్కడ మధ్యవర్తి ఆయనే, టోపీ ఆయనదే, నూలు గోదాము తాళంచెవి కూడా ఆయనదే. రేపు నూలు ఆగుతుందని అందరికీ భయం. తప్పు పట్టను. నేను కూడా ఇన్నాళ్లు కండెలు చుట్టలేదా?

సమ్మమ్మ

*

ఆసిఫాబాద్,
1982 ఫిబ్రవరి 6

సమ్మమ్మా,

మొండయ్య వెల్లకిలా పడింది చదివి క్లాసులో నవ్వాను. పిల్లలు భయపడ్డారు.

సెలవు దొరికింది! జాతర తర్వాతి మీటింగుకు వస్తున్నాను. ఉపన్యాసం రాసుకున్నాను, పదహారు పేజీలు. బైలాను ముక్కముక్కలు చేస్తాను. గుర్రాల సంగతి ఆరో పేజీలో వస్తుంది. ఆ రోజు నువ్వేమీ కష్టపడనవసరం లేదు, నా పక్కన కూచుంటే చాలు.

కాక

*

కాశిబుగ్గ,
1982 ఫిబ్రవరి 24

కాకకు సమ్మమ్మ నమస్కారం.

మేడారం పోయి వచ్చాము. నాకు మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి కాలు పడిపోతే, కాలు మంచిగైతే బిడ్డ ఎత్తు బంగారం ఇస్తానని అమ్మ సమ్మక్కకు మొక్కుకుంది. ఆ తల్లికి ఇచ్చే బెల్లాన్ని బంగారమనే అంటాం కదా. కాలు మంచిగ కాలేదు. అమ్మ ప్రతి జాతరకూ పోయి, "తల్లీ, ఇంక గాలే, మళ్లొస్త" అని దండం పెట్టి వచ్చేది. ఇరవై ఏళ్లుగా ఇదే.

ఈసారి బయలుదేరే ముందర నన్ను బెల్లం దుకాణానికి తీసుకుపోయి కాంటా మీద కూచోమంది.

"కాలు మంచిగ గాలేదు గదనే" అన్నాను.

"కాకపోతే కాకపాయె. ఆ పుస్తకంల నీ పేరు కొట్టేసిండ్లు గద. నా బిడ్డ ఎంత బరువున్నదో ఒక్కపారి నేను జూసుకోవాలె."

నేను ఒక పళ్లెంలో కూచున్నాను. దుకాణం బక్కమ్మ రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు పెడుతూ పోయింది. ఎన్ని పెట్టినా నా పళ్లెం కదలలేదు. "ఏందే మల్లక్కా, బక్కగున్నది గని మస్తు బరువున్నది నీ బిడ్డ!" అన్నది బక్కమ్మ. అమ్మ మొహం చూడాల్సింది కాకా. సర్కారు ముద్ర చూసినప్పుడు కూడా ఆమె అట్లా నవ్వలేదు.

ఇక నీ పదహారు పేజీలు. నువ్వు రా. తప్పకుండా రా. నీకు తునకల కూర వండిపెడతానని అమ్మ అంటున్నది. కాని ఆ పేజీలు ఆసిఫాబాదులోనే ఉంచి రా. నా పక్కన నువ్వు కూచో. నువ్వు మాట్లాడితే వాళ్లు నిన్ను చూసి నవ్వుతారు, నన్ను చూసి జాలిపడతారు. నాకు రెండూ వద్దు. నేనే రాసుకున్నాను, ఒక్కటే పేజీ. పొద్దున సంఘంలో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నాను. నకలు పంపుతున్నాను. తప్పులుంటే దిద్దకు. వాళ్లు ఎప్పుడు వాయిదా వేసినా మళ్లీ ఇదే కాగితం ఇస్తాను.

కోపం తెచ్చుకోకు కాకా. తెచ్చుకున్నా రా.

సమ్మమ్మ

*

కాశిబుగ్గ, వరంగల్,
1982 ఫిబ్రవరి 24

సంఘం ప్రెసిడెంటు లక్ష్మీనారాయణ గారికి, సభ్యులందరికి,

గట్టయ్య బిడ్డ సమ్మమ్మ రాసేది. నాకు కావలసినవి ఇవి:

1. నా పేరు మీది ఎర్రగీత కొట్టేసి, నా పేరు మళ్లీ రాయాలి. కింద ఎక్కడో కాదు, బాపు పేరు ఉన్న జాగాలోనే.

2. అందరితోపాటు నాకు నెలనెలా నూలు ఇవ్వాలి. ఆగిన నెలల నూలు కూడా ఇవ్వాలి.

3. నా బట్ట బాగా లేకపోతే బట్ట చూసి చెప్పాలి. కాలు చూసి చెప్పవద్దు.

4. దవాఖాన కాగితం నకలు నాకు వాపసు ఇవ్వాలి. అది బండి కోసం ఇచ్చింది.

5. బండి నాకు కావాలి. వద్దన్నది నేనే, ఇప్పుడు కావాలన్నది కూడా నేనే. సిఫారసు మళ్లీ రాయాలి. మైకు వద్దు, ఫొటో వద్దు, రిబ్బను వద్దు.

6. రైలు గేటు పోశయ్యకు చేతులు మంచిగ ఉన్నాయి. కండెలు చుట్టే పని ఉందని అతనికి చెప్పాలి. చుడతాడో, అడుక్కుంటాడో అతను చెప్తాడు.

7. బాపు గిలక లాంటిది కావాలని ఎవరైనా అడిగితే చేసి పెట్టడానికి సంఘం కట్టె ఇవ్వాలి. బిగించడం, వాలడం నేను నేర్పుతాను. మొండయ్య బావకు కూడా.

8. ఈ కాగితం చదివే దినం నన్ను గడప లోపల కూచోబెట్టాలి. నా మాట నేనే చెప్తాను. నా బదులు ఎవ్వరూ మాట్లాడవద్దు, మా కాకతో సహా.

సమ్మమ్మ